డాక్టర్ సలహా: మా అబ్బాయిది జబ్బా, బద్ధకమా?

ప్రశ్న: ఆర్టీసీలో 34 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఒక్కరోజు సిక్ లీవు పెట్టి ఎరగను. మా అబ్బాయికి 28 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం సాయంత్రమైతే చాలు, గుండెదడ, కడుపులో తిప్పడం. రాత్రిళ్లు నిద్ర ఉండదు. జీతం తగ్గినా సరే, పని తక్కువుండే కంపెనీకి మారతానంటున్నాడు. పెళ్లి సంబంధాలవాళ్లేమో ముందు ప్యాకేజీయే అడుగుతారని నా బెంగ. ఇది జబ్బా, బద్ధకమా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: బద్ధకస్తుడికి నిద్ర బ్రహ్మాండంగా పడుతుందండీ. మీవాడికి అదే కరవైంది. సెలవు అయిపోయే వేళకే దడ మొదలవుతోందంటే అనుమానం పని ఒత్తిడి మీదికే పోతుంది. అయినా ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు, ఒక ఈసీజీ చేయించండి. థైరాయిడ్ ఎక్కువైనా దడ, నిద్రలేమి ఇలాగే ఉంటాయి. కాఫీలు, ఎనర్జీ డ్రింకులు రోజుకెన్ని తాగుతున్నాడో కూడా అడగండి.

రిపోర్టులన్నీ బాగుంటే ఇది బర్న్‌అవుట్, అంటే తెగని పని ఒత్తిడితో మనిషి పూర్తిగా డీలా పడిపోవడం కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుల కింద కాక, పని వల్ల తలెత్తే సమస్యగా చేర్చింది. కాబట్టి మాత్రలొక్కటే సరిపోవు, పని తీరు మారాలి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు 35–40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం ఎక్కువని ఆ సంస్థే, అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలిసి 2021లో లెక్క చెప్పింది. మీవాడు అడుగుతున్నది గొంతెమ్మ కోరికేం కాదు.

మీ డ్యూటీ తేలికని నేననను. గుంతల రోడ్ల మీద నిలబడి చేసిన నడుములు రోజూ నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. కానీ డిపోలో క్యాష్ కట్టేశాక ఆ రోజుకి మీ పని అయిపోయేది. అమెరికా వాళ్లతో రాత్రి పదకొండింటికి కాల్ ఉన్నవాడికి పని ఇంటిదాకా వస్తుంది, మంచం దాకా కూడా. మీకు ఉద్యోగం నిలవడమే సెటిలవడం. అతనికి ఆ భరోసా ఏ కంపెనీలోనూ లేదు, కనక ఆరోగ్యమైనా మిగుల్చుకుందామని చూస్తున్నాడు. పెళ్లి సంబంధాల్లో ప్యాకేజీ అడుగుతారన్న మీ బెంగ నాకు అర్థమవుతుంది. దాన్ని అతని నెత్తిన మాత్రం పెట్టకండి.

అన్నట్టు, సిక్ లీవు పెట్టలేదంటే ఒంట్లో ఏమీ లేదని కాదు. పనిలో పనిగా మీరూ బీపీ, షుగర్ చూపించుకోండి.

రాజీనామా ఇప్పుడే వద్దు. వారం పది రోజులు సెలవు పెట్టించి, నిద్ర కుదిరాక ఆ మాట ఆలోచించమనండి. రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే సైకియాట్రిస్టును కలవండి. ‘బతకాలని లేదు’ అన్న మాట వస్తే మాత్రం ఆగొద్దు. అతన్ని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.