థియరీ ఫిజిక్స్ పీహెచ్‌డీకి డబ్బు ఎవరిస్తారు?

అన్నా, మీ అమ్మాయి నాగార్జున యూనివర్సిటీలో ఎంఎస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉందని, స్ట్రింగ్ థియరీలో (మూల కణాలన్నీ అతి చిన్న తీగల్లాంటివనే సిద్ధాంతం) పీహెచ్‌డీ చేస్తానంటోందని, ప్రభుత్వం ల్యాబులకే తప్ప కాగితం మీద లెక్కలకు పైసా ఇవ్వదని గుంటూరులో ఎవరో చెబితే మీకు టెన్షన్ పట్టుకుందని రాశారు కదా. అది నిజం కాదు. ఆ మాట పట్టుకుని పిల్లను ఆపకండి, దయచేసి.

థియరీకి పెద్ద యంత్రాలు అక్కర్లేదు కాబట్టి కోట్ల ప్రాజెక్టుల్లో దాని పేరు అంతగా వినపడదు. డబ్బు ఎక్కువగా మనుషులకే వస్తుంది. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే డబ్బు) తెచ్చుకుంటే, 2023 జనవరి నుంచి అమలైన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద 42,000, హాస్టల్ ఇవ్వకపోతే ఇంటద్దె భత్యం అదనం.

అయితే నెట్ ఒక్కటే నమ్ముకోవద్దు. జెస్ట్ అని ఫిజిక్స్ పీహెచ్‌డీ సీట్ల కోసం ఏడాదికోసారి జరిగే పరీక్ష తప్పకుండా రాయించండి. చెన్నై ఐఎంఎస్‌సీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్), ప్రయాగ్‌రాజ్ హెచ్‌ఆర్‌ఐ (హరీశ్-చంద్ర రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్), భువనేశ్వర్ ఐఓపీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్) లాంటి పరిశోధన సంస్థలు ఆ ర్యాంకు చూసి ఇంటర్వ్యూకి పిలుస్తాయి. ఈ మూడూ అణుశక్తి శాఖ నిధులతో నడిచేవే, సీటు వస్తే ఫెలోషిప్ కూడా వాళ్లే ఇస్తారు. నన్నడిగితే మొదట చెన్నైకే ప్రయత్నించమంటాను, మనకు దగ్గర, థియరీకి మంచి పేరున్న చోటు.

ఒక్క జాగ్రత్త: చేరగానే డబ్బు చేతికి రాదు, కాగితాల పనికి టైం పడుతుంది, అందుకని మూడు నాలుగు నెలల ఖర్చు దగ్గర పెట్టుకోండి. జెస్ట్ పాత ప్రశ్నపత్రాలు వాళ్ల సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి, క్వాంటమ్ మెకానిక్స్‌తో ఈ వారమే మొదలుపెట్టమనండి.