ఉచిత న్యాయ సహాయ కమిటీలో చేరాలంటే ముందేం చేయాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె, కొబ్బరి సాగు. మా అమ్మాయి లా చివరి సంవత్సరంలో ఉంది. పేద ముద్దాయిలకు కోర్టు పెట్టే లాయర్లు కేసులు సరిగ్గా నడుపుతున్నారో లేదో చూసే కమిటీలో పనిచేస్తానంటోంది. అది ఉద్యోగమేనా? జీతం వస్తుందా?

జవాబు: అది ఉద్యోగం కాదండీ. చదువు పూర్తవగానే దరఖాస్తు పెట్టుకునే పోస్టూ కాదు. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2010లో తెచ్చిన నిబంధనల ప్రకారం జిల్లా, మండల స్థాయుల్లో ఈ పర్యవేక్షణ కమిటీలు ఏర్పాటవుతాయి. వాటిలో స్థానిక బార్‌లో, అంటే అక్కడి కోర్టు లాయర్ల బృందంలో, 15 ఏళ్ల అనుభవమున్న న్యాయవాదికి చోటుంటుంది. అంటే మీ అమ్మాయికి ఇంకా చాలా దూరం ఉంది.

ఆ అనుభవం ఎందుకు అడుగుతారో చెబుతాను. కమిటీ ముందుకు వచ్చేది కేసుల రిజిస్టరు: లాయరు వాయిదాకు వచ్చారా, కేసు ఎంతవరకు నడిచింది, చివరికి ఏమైంది. రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో రిమాండులో ఉన్న ఒక కూలీ కేసు అనుకోండి. కాగితం మీద ‘బెయిలు మంజూరు’ అని ఉంటుంది, మనిషి మాత్రం లోపలే ఉంటాడు. జామీనుదారులు దొరకలేదు. ఆ జామీను షరతు సడలించమని అతని లాయరు పిటిషన్ వేయలేదు. ఇంకో కేసులో అవతలి పక్షం సాక్షిని క్రాస్ చేయకుండా, అంటే ఎదురు ప్రశ్నలు వేయకుండా, ‘ప్రశ్నలు లేవు’ అని వదిలేశారు. అది ఎత్తుగడా, నిర్లక్ష్యమా? ట్రయల్ కోర్టులో ఏళ్ల తరబడి కేసులు నడిపినవారికే ఆ తేడా తెలుస్తుంది.

అందుకే ఎన్‌రోల్‌మెంటు (లాయరుగా పేరు నమోదు), బార్ పరీక్ష అయ్యాక హైకోర్టు వైపు చూడకుండా రాజోలులోనో అమలాపురంలోనో మంచి క్రిమినల్ సీనియర్ దగ్గర జూనియర్‌గా చేర్చండి. పేద ముద్దాయిల తరఫున వాదించడానికే లాయర్లను పెట్టుకునే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ విధానం 2022లో మొదలైంది. అందులో 3 ఏళ్ల లోపు అనుభవమున్నవారిని అసిస్టెంట్లుగా తీసుకుంటారు. డిప్యూటీకి 7 ఏళ్లు, చీఫ్‌కు 10 ఏళ్లు ఉండాలి. నెలనెలా గౌరవ వేతనం వస్తుంది కానీ పని కాంట్రాక్టు మీద, పైగా సొంత ప్రాక్టీసు చేయకూడదు. ఈ షరతు ఇంట్లో ముందే మాట్లాడుకోండి. అలా కాకుండా ప్యానెల్ లాయరుగా, అంటే న్యాయసేవాధికార సంస్థ జాబితాలో ఉండి అప్పగించిన కేసులు చూసే లాయరుగా, ఉంటే మామూలుగా 3 ఏళ్ల ప్రాక్టీసు అడుగుతారు. సొంత కేసులు చూసుకోవచ్చు, ఫీజు మాత్రం తక్కువ. ఏ దారిలో వెళ్లినా మొదటి కొన్నేళ్లు మీ ఆసరా అవసరం.

ఇంకో మాట, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. మన ఊళ్లలో బార్ చిన్నది. పొద్దున కలిసి టీ తాగిన లాయరు గురించే మధ్యాహ్నం కమిటీలో ‘ఈయన వాయిదాలకు రావడం లేదు’ అని చెప్పాల్సి వస్తుంది. మొహమాటపడితే నష్టపోయేది జైల్లో ఉన్నవాడు. ఆ మాట అనగలిగే నిబ్బరం, అన్నాక కూడా పగ పెట్టుకోని మర్యాద మీ అమ్మాయికి ఉన్నాయా? ఉన్నాయనుకుంటే ఆపకండి.

లా విద్యార్థులు పారాలీగల్ వలంటీర్లుగా, అంటే న్యాయ సహాయం కావలసినవారికి తోడ్పడే స్వచ్ఛంద కార్యకర్తలుగా, కూడా చేరవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు దరఖాస్తు చేయించండి. సెలవుల్లో రాజోలు కోర్టులో వెనక బల్ల మీద కూర్చుని ఒక కేసు మొదటి సాక్షి నుంచి తీర్పు దాకా చూడమనండి.