చెదలున్నాయని ముందే తెలిసిన ఇల్లు కొంటే?

ప్రశ్న: రాజమండ్రిలో అద్దెకిచ్చి ఉన్న రెండు పోర్షన్ల పాత ఇల్లు కొందామనుకుంటున్నాం. అద్దెలతో ఈఎంఐ కొంత గట్టెక్కుతుందని ఆశ. చూడ్డానికి వెళ్తే, ద్వారబంధాలకు చెదలు పట్టాయని కింద పోర్షన్ వాళ్లు చెప్పారు. ఓనరు గారేమో 'మందు కొట్టిస్తే పోతుంది' అంటున్నారు. ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు. కొన్నాక నష్టం వస్తే ఆయన మీద కేసు వేయవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: అడ్వాన్స్ ఇవ్వకముందే అడిగారు, మంచి పని చేశారమ్మా. చాలామంది రిజిస్ట్రేషన్ అయ్యాకే లాయరు దగ్గరికి వస్తారు.

ఆస్తిలో ముఖ్యమైన లోపం ఉందని అమ్మేవారికి తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేనిదైతే, దాన్ని చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. దాచిపెడితే మోసం కిందే లెక్క. కానీ ఈ చెదల సంగతి మీకు ముందే తెలిసిపోయింది. రేపు కోర్టులో 'నాకు చెప్పలేదు' అంటే నిలవదు. మీకు మేలు కోరి చెప్పిన ఆ అద్దెదారులే అప్పుడు ఓనరు తరఫు సాక్షులవుతారు!

అందుకే ఏదైనా సేల్ అగ్రిమెంట్‌లోనే బిగించుకోవాలి. ముందు ఓ సివిల్ ఇంజనీరును, పెస్ట్ కంట్రోల్ వాళ్లను తీసుకెళ్లి చూపించండి. ఈమధ్యే రంగు వేసిన చెక్కను తట్టి చూడమనండి, లోపల గుల్లయితే చప్పుడులో తెలిసిపోతుంది. ద్వారబంధాలతో ఆగితే ధర తగ్గించి అడగొచ్చు. కప్పు దూలాల దాకా పాకితే మాత్రం, నేనైతే ఆ ఇల్లు వదులుకుంటాను.

కొనాలనే అనుకుంటే, చెద ఎక్కడెక్కడ ఉందో, ఇంకెక్కడా ఉన్నట్టు తనకు తెలియదని ఓనరు ఇచ్చే హామీ, మరమ్మతుకు ధరలోంచి ఎంత తగ్గిస్తున్నారో అగ్రిమెంట్‌లో రాయించండి. రిజిస్ట్రేషన్ లోపు పెద్ద లోపం బయటపడితే అడ్వాన్స్ వాపసు ఇవ్వాలన్న షరతు మరిచిపోకండి. నోటిమాటగా 'చూసుకుందాం లెండి' అంటే ఒప్పుకోవద్దు.

ఇంకో సంగతి మీరు అడగలేదు. ఇంటితో పాటు అద్దెదారులూ మీకే వస్తారు. అదే చట్టం 109వ సెక్షన్ ప్రకారం ఓనరు హక్కులు మీకు దక్కుతాయి, అద్దెదారు కోరితే బాధ్యతలూ మీవే. ఓనరు చేయాల్సిన మరమ్మతు నోటీసిచ్చినా చేయకపోతే, అద్దెదారే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. అంటే ఈఎంఐకి అనుకున్న డబ్బు చెదమందుకు పోవచ్చు. కాబట్టి అద్దె కాగితాలు తెప్పించుకుని చదవండి. వాళ్లు ఓనరుకిచ్చిన అడ్వాన్స్ ఎంతో అడిగి, దాన్ని కూడా ధరలోంచి తగ్గించుకోండి. అమ్మకానికి ముందున్న అద్దె బకాయిలు మాత్రం మీకు రావు.