టెక్ సందేహాలు: కరెంటు పోయొస్తే పోర్టుల పేర్లు తారుమారు

ప్రశ్న: రొయ్యల చెరువు దగ్గర 64 ఎంబీ ర్యామ్ ఉన్న ఏఆర్ఎం బోర్డు పెట్టాను. లైనక్స్ బిల్డ్‌రూట్‌తో (చిన్న బోర్డులకు లైనక్స్ తయారుచేసే టూల్) చేసుకున్నదే. యూఎస్‌బీ హబ్‌కి రెండు ఆర్ఎస్-485 (వైరు జత మీద డేటా పంపే సీరియల్ పద్ధతి) కన్వర్టర్లు ఉన్నాయి. ఒకటి ఆక్సిజన్ సెన్సర్‌కి, ఇంకోటి ఏరేటర్ల కంట్రోలర్‌కి. కరెంటు పోయొచ్చాక ఒక్కోసారి లైనక్స్ వాటికిచ్చే పేర్లు టీటీవైయూఎస్‌బీ0, టీటీవైయూఎస్‌బీ1 అటూ ఇటూ అయిపోతున్నాయి. ఎండెవ్ తీసేసి యూడెవ్ పెట్టమని స్నేహితుడు అంటున్నాడు. పెట్టాలా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: డివైజ్ తగిలించగానే గమనించి దాని పేరు, పర్మిషన్లు చూసుకునే ప్రోగ్రామ్‌లే ఎండెవ్, యూడెవ్. ఎండెవ్ చిన్నది, యూడెవ్ పెద్దది. యూడెవ్ పెట్టినంత మాత్రాన తీరే సమస్య కాదిది. ముందు కన్వర్టర్లలో ఏ చిప్ ఉందో చూడండి. చవక రకాల్లో తరచుగా కనిపించే సీహెచ్340కి సాధారణంగా సీరియల్ నంబరే ఉండదు. రెండూ ఒకే మోడల్ అయితే వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ కూడా ఒకటే. ఇక ఐడీని బట్టి పేరు పెట్టే యూడెవ్ రూల్ మాత్రం వాటిని ఎలా గుర్తుపడుతుంది? మిగిలిన తేడా ఒక్కటే, హబ్‌లో ఏది ఏ పోర్టుకి పెట్టారన్నది. ఆ సంగతి ఎండెవ్‌తోనూ తెలుస్తుంది.

ఎండెవ్.కాన్ఫ్ ఫైల్లో టీటీవైయూఎస్‌బీ డివైజ్‌ల కోసం ఒక లైను రాసి, చివర @ గుర్తు పెట్టి మీ షెల్ స్క్రిప్ట్ పేరు ఇవ్వండి. డివైజ్ రాగానే అది నడుస్తుంది. సిస్‌ఎఫ్ఎస్‌లోని (కెర్నల్ డివైజ్‌ల వివరాలు చూపే ఫోల్డర్లు) టీటీవై క్లాస్ ఫోల్డర్‌లో ఆ డివైజ్ పేరుతో ఉన్న లింకును రీడ్‌లింక్ కమాండ్‌తో చదివితే పొడుగాటి పాత్ వస్తుంది. అందులో 1-1.2 లాంటి ముక్క కనిపిస్తుంది. అంటే 1వ బస్సు, 1వ పోర్టులో హబ్, ఆ హబ్‌లో 2వ పోర్టు. దాన్ని బట్టి ‘సెన్సర్’, ‘ఏరేటర్’ అని సింబాలిక్ లింకులు పెట్టి, మీ ప్రోగ్రామ్‌లో ఆ పేర్లే వాడండి. హబ్ మీద కూడా మార్కర్‌తో రాయండి, లేకపోతే చెరువు దగ్గర ఎవరో ఒకరు తీసి పక్క పోర్టులో పెడతారు.

ఇంకొకటి. ఎండెవ్‌ని కెర్నల్ హాట్‌ప్లగ్ హెల్పర్‌గా (డివైజ్ వచ్చినా పోయినా కెర్నలే పిలిచే ప్రోగ్రామ్‌గా) పెట్టి ఉంటే మార్చండి. ఆ పద్ధతిలో ప్రతి ఈవెంట్‌కీ ఒక ప్రాసెస్ పుడుతుంది. చిన్న సిస్టమ్‌లలో బూట్ సమయంలోనే మెమరీ అయిపోవచ్చని కెర్నల్ కాన్ఫిగరేషన్ సహాయంలోనే రాసి ఉంది. ఎండెవ్ ఉండే బిజీబాక్స్ టూల్స్ ప్యాకేజీలో 1.31 నుంచి దానికి డెమన్ మోడ్ (వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండే పద్ధతి) ఉంది. అది నెట్‌లింక్ (కెర్నల్ ప్రోగ్రామ్‌లకు సందేశాలు పంపే దారి) ద్వారా ఈవెంట్లు వింటుంది. దానికి –డి ఆప్షన్ ఇస్తే చాలు.

యూడెవ్ తప్పనిసరయ్యే చోట్లు వేరే. టచ్‌స్క్రీన్‌తో వేలాండ్ (స్క్రీన్ మీద విండోలు చూపే పద్ధతి) నడపాలంటే టచ్‌ను చదివే లిబ్‌ఇన్‌పుట్ లైబ్రరీ కావాలి, దానికి యూడెవ్ లైబ్రరీ లిబ్‌యూడెవ్ కావాలి. అప్పుడు యూడెవ్ ఉండే పెద్ద ప్యాకేజీ సిస్టమ్‌డీ లేకుండా, దాని నుంచి విడదీసిన ఈయూడెవ్ పెట్టుకోవచ్చు. చెరువు గట్టున స్క్రీనే లేని డబ్బాకి ఆ బరువు దండగ.

అసలు ఆ సెన్సరూ కంట్రోలరూ రెండూ మోడ్‌బస్ ఆర్‌టీయూవే (ఒకే వైరు మీద చాలా పరికరాలు అడ్రసులతో మాట్లాడుకునే పద్ధతి) అయితే రెండో కన్వర్టర్ ఎందుకు? ఒకే బాడ్ రేటు (డేటా వేగం), వేర్వేరు అడ్రసులు పెట్టి ఒకే వైరు జత మీద నడపండి.

ప్రశ్న: డివైజ్ ఫైళ్లను కెర్నలే తయారుచేసే డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ ఉండగా ఎండెవ్, యూడెవ్ లాంటి డెమన్ ఎందుకు?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: 2009లో వచ్చిన 2.6.32 కెర్నల్ నుంచి డివైజ్ నోడ్‌లను (ఆ డివైజ్ ఫైళ్లనే) డెవ్‌టీఎంపీఎఫ్ఎస్సే తయారుచేస్తుంది. డ్రైవర్లన్నీ కెర్నల్‌లోనే ఉండి, హార్డ్‌వేర్ మారక, ప్రోగ్రామ్‌లన్నీ రూట్‌గా నడిస్తే డెమన్ అక్కర్లేదు. పర్మిషన్లు మార్చాలన్నా, మాడ్యూళ్లు (విడిగా లోడయ్యే డ్రైవర్లు) వాటంతట అవే లోడ్ కావాలన్నా డెమన్ కావాలి.