రాత్రిళ్లు ఫ్యాక్టరీల వాసన... కడుపులో బిడ్డకు ప్రమాదమా?

ప్రశ్న: నా వయసు 26. మొదటి కాన్పు, ఇప్పుడు ఐదో నెల. హైదరాబాద్ శివార్లలో మందుల కంపెనీలకు దగ్గరగా అద్దెకు ఉంటున్నాం. రాత్రి పది దాటితే ఘాటైన రసాయనాల వాసన, దానితోపాటు తలనొప్పి వస్తున్నాయి. కిటికీలు మూసి, దోమలకు కాయిల్ వెలిగించుకుని పడుకుంటాం. బిడ్డ అవయవాలను పరిశీలించే టిఫా స్కాన్‌లో అంతా బాగుందన్నారు కానీ, బిడ్డకు ఏదైనా అవకరం వస్తుందేమోనని భయంగా ఉంది. ఎన్95 మాస్కు సరిపోతుందా? ఇప్పుడే పల్లెలో ఉన్న పుట్టింటికి వెళ్లిపోవాలా? అక్కడ కట్టెల పొయ్యి మీద వంట చేస్తారు. – ఒక పాఠకురాలు

జవాబు: బిడ్డ అవయవాలు ప్రధానంగా మొదటి మూడు నెలల్లోనే రూపుదిద్దుకుంటాయి. స్కాన్ అన్ని లోపాలనూ పట్టుకోలేకపోయినా, టిఫా బాగుందంటే మీ భయంలో పెద్ద భాగాన్ని పక్కన పెట్టవచ్చు. ఇకపై మనం చూసుకోవలసింది బిడ్డ ఎదుగుదల, నెలలు నిండి కాన్పు కావడం. గాలి కాలుష్యం ఎక్కువగా ప్రభావం చూపేది కూడా వీటి మీదే. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టే ముప్పును, నెలలు నిండకముందే కాన్పయ్యే ముప్పును అది కొంత పెంచుతుంది.

పొగలోని అతి సూక్ష్మమైన మసి రేణువులు తల్లి ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోవు. బెల్జియం పరిశోధకులు 2019లో వాటిని మాయలో (ప్లాసెంటా), అదీ బిడ్డ వైపు భాగంలో, గుర్తించారు. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం వారు గర్భిణుల వీపున చిన్న సంచీలో గాలిని కొలిచే పరికరం ఉంచి, రెండు రోజులపాటు వారు పీల్చిన గాలిని పరీక్షించారు. ఏదైనా సరిగా కాలనప్పుడు వెలువడే రసాయనాలను ఎక్కువగా పీల్చిన తల్లుల్లో, అన్ని వర్గాల్లోనూ ఒకేలా కాకపోయినా, పిల్లల బరువు, తల చుట్టుకొలత కొంత తగ్గినట్టు తేలింది. అదే బృందం క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందునూ పరిశీలించింది. ఇళ్లలో దాని వాడకాన్ని అమెరికా 2000–2001 ప్రాంతంలో ఆపించిన తర్వాత పుట్టిన పిల్లల్లో, అంతకుముందు కనిపించిన బరువు తగ్గుదల కనిపించలేదు. మన దగ్గర చెదల మందుగా కొట్టేది చాలాసార్లు ఇదే కాబట్టి, కాన్పయ్యేదాకా ఇంట్లో ఆ పని పెట్టుకోకండి.

ఇక వాసన విషయం. వాసన ఘాటును బట్టి ప్రమాదాన్ని అంచనా వేయలేం. గంధకం కలిసిన కొన్ని వాయువులు లేశమాత్రం ఉన్నా ముక్కు పగిలేలా వాసన వేస్తాయి. ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే ఉండదు. మందుల తయారీలో వాడే టోలుయీన్ వంటి ద్రావకాల ఆవిరి మాయను దాటి బిడ్డను చేరగలదన్నది నిజమే. అయితే వాటి వల్ల గర్భానికి హాని కనిపించిన అధ్యయనాలు ఎక్కువగా రోజంతా ఆ ద్రావకాల మధ్య పనిచేసే మహిళల మీద జరిగినవి. అలాగని తలనొప్పి తెప్పించే గాలిని భరించమని నేను చెప్పను.

ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుంది తప్ప ఆవిరిని, వాయువులను ఆపదు. గాలి శుద్ధి యంత్రమైనా ఆవిరిని పట్టి ఉంచే యాక్టివేటెడ్ కార్బన్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) ఫిల్టర్ లేకపోతే అంతే. రాత్రివేళ నేల దగ్గరి గాలి చల్లబడి పైకి లేవదు కనుక కంపెనీల నుంచి వచ్చినదంతా కిందనే నిలిచిపోతుంది. అందువల్ల రాత్రి కిటికీలు మూసి, ఎండ బాగా వచ్చాక తెరవడం మంచిది.

అలా కిటికీలు మూసిన గదిలో మీరు వెలిగిస్తున్న కాయిల్ గురించి నాకు ఇంకా ఎక్కువ ఆందోళనగా ఉంది. మలేసియా, చైనాల్లో వాడే కాయిళ్లను పరీక్షించి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ఒక కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత సూక్ష్మ ధూళి వెలువడుతుంది. ఈ రాత్రి నుంచే దోమతెర కట్టుకోండి. పడకగదిలో అగరుబత్తీలు, సాంబ్రాణి కూడా వద్దు. బిడ్డ పుట్టాక స్నానం చేయించి సాంబ్రాణి పొగ పట్టే ఆనవాయితీని పెద్దలు ముచ్చటపడి చేయబోయినా, మర్యాదగానే కాదనండి. పసిబిడ్డ ఊపిరితిత్తులకు ఆ పొగ మంచిది కాదు.

పుట్టింటికి వెళ్లడం మంచిదే, కానీ కట్టెల పొయ్యి పక్కన కూర్చునేందుకైతే వద్దు. ఆ వంటింటి పొగలో మీ వీధి గాలిలో కంటే ఎక్కువ ధూళి ఉండవచ్చు. తమిళనాడు సహా నాలుగు దేశాల్లోని ప్రాంతాల్లో సుమారు 3,200 మంది గర్భిణులతో జరిపిన పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. గర్భం మధ్యలో గ్యాస్ పొయ్యికి మారినవారు పీల్చిన ధూళి బాగా తగ్గింది కానీ, పిల్లల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పొగ మంచిదేనని దీని అర్థం కాదు; పొయ్యి మారిస్తే బిడ్డ బరువు పెరుగుతుందని నేను హామీ ఇవ్వలేనని మాత్రమే. అక్కడ గ్యాస్ పొయ్యి ఏర్పాటు చేయించగలిగితే ఏడో నెల దాకా ఆగకుండా వెళ్లండి.

వాసన వచ్చిన తేదీ, సమయం రాసిపెట్టుకుని, ఇరుగుపొరుగుతో కలిసి కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే బిడ్డకు అందే ఆక్సిజన్‌కు అది రెండో దెబ్బ అవుతుంది కాబట్టి ఐరన్ మాత్రలు మానకండి. రసాయనాలను కడిగేస్తాయని అమ్మే డీటాక్స్ పొడులు, కషాయాల జోలికి పోవద్దు. మీ డాక్టరుకు ఈ పరిస్థితి చెప్పి, ఎనిమిదో నెలలో ఎదుగుదల స్కాన్ చేయించమని అడగండి. 28 వారాల తర్వాత బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే, తర్వాతి చెకప్ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.