డిఫరెన్షియల్ మోతకు 401కె లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మేం మిషిగన్‌లోని నోవైలో ఉంటాం. నాకు 36 ఏళ్లు. హెచ్1బి మీద ఆటో విడిభాగాల కంపెనీలో ఇంజినీర్‌గా పనిచేస్తున్నాను. మా పాపకు ఐదేళ్లు. రెండేళ్ల క్రితం 24,000 డాలర్లు పెట్టి 1931 ఫోర్డ్ మోడల్ ఎ హాట్ రాడ్ (ఇంజిన్ లాంటివి మార్చిన పాత కారు) కొన్నాను. అందులో షెవీ 350 ఇంజిన్, మూడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వెనక ఫోర్డ్ 9 అంగుళాల డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ఉన్నాయి. గేర్ రేషియో 3.25, అంటే చక్రం ఒకసారి తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ 3.25 సార్లు తిరగాలి. వెనక టైరు ఎత్తు 28 అంగుళాలు. పోయిన వేసవి నుంచి వేగం గంటకు 45 మైళ్లు దాటాక యాక్సిలరేటర్ తొక్కితే వెనక నుంచి మోత వస్తోంది, కాలు తీస్తే తగ్గుతోంది. ఒక షాపువాళ్లు లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపేది)తో సహా మొత్తం చేసి ఇవ్వడానికి 3,600 డాలర్లు అడిగారు. రెడీగా బిగించి వచ్చే థర్డ్ మెంబర్ (డిఫరెన్షియల్ గేర్లన్నీ ఉండే ముద్ద) 1,900. నేనే చేసుకుంటే విడిభాగాలకు 850, పనిముట్లకు 700 అవుతుంది. 401కెలో (కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) 5,000 లోన్ తీసుకుని పనిముట్లు కొందామని, రేషియో 4.11కి మార్చి పికప్ పెంచుదామని, తర్వాత స్నేహితుల బండ్లకు డబ్బు తీసుకుని ఇదే పని చేసి ఖర్చు రాబట్టుకుందామని ఆలోచన. మా ఇంటి ఖర్చు నెలకు 5,200, మిగిలేది 1,500. సేవింగ్స్‌లో 9,000 ఉన్నాయి. మా ఆవిడేమో బండి అమ్మేద్దాం అంటోంది. ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్లు తిరిగే వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి బండి తీసుకెళ్లాలని నా కోరిక. ఏం చేయమంటారు?

జవాబు: లోన్ వద్దు. 4.11 కూడా ఈసారికి వద్దు. స్నేహితుల బండ్లకు డబ్బు తీసుకోవడం అసలే వద్దు. బండి మాత్రం ఉంచుకోండి. ఆగస్టు మూడో శనివారం నాటికి అది చప్పుడు లేకుండా వుడ్‌వర్డ్ మీద తిరగాలని నాకూ ఉంది. మీకు నెలనెలా మిగిలే డబ్బుతోనే అది కుదురుతుంది.

మీ ప్లాన్‌లో నన్ను అన్నిటికంటే కంగారు పెట్టింది చివరి మాట, కాబట్టి ముందు అదే చెబుతాను. హెచ్1బి మీద ఉన్నవాళ్లు వీసా ఇప్పించిన కంపెనీకి తప్ప బయట డబ్బు తీసుకుని పని చేయకూడదు. మీ గరాజ్‌లో, సెలవు రోజున, తెలిసినవాళ్ల బండికే చేసినా సరే, డబ్బు తీసుకుంటే అది అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. రేపు గ్రీన్ కార్డు దగ్గర ఇది మెడకు చుట్టుకుంటే, 700 డాలర్ల పనిముట్ల కోసం మీరు పణంగా పెట్టింది ఎంతో మీకే తెలుస్తుంది. సందేహం ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. అంతవరకు పనిముట్ల ఖర్చు తిరిగి వస్తుందన్న లెక్క మీ కాగితం మీద నుంచి కొట్టేయండి. అది కొట్టేస్తే మీరే చేసుకునే దారి 850 కాదు, 1,550 అవుతుంది. మొదటిసారి చేసేటప్పుడు ఒక పొరపాటు జరిగి కొత్త గేర్ సెట్ పాడైతే అంతకంటే ఎక్కువే.

ఇక ఈ పనిలో డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో చూద్దాం. మన విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్కులు క్రౌన్ పినియన్ అనేది ఈ డిఫరెన్షియల్ గేర్లనే. పెద్ద చక్రంలాంటి క్రౌన్, దాన్ని తిప్పే చిన్న పినియన్. వీటి ధర ఒక లెక్క, వీటిని ఒకదానికొకటి సరిగ్గా కుదర్చడం మరో లెక్క. పినియన్ ఎంత లోపలికి ఉండాలో షిమ్‌తో, అంటే పల్చటి లోహపు రేకుతో, సరిచేయాలి. రెండు గేర్ల పళ్ల మధ్య వదులు, అంటే బ్యాక్‌లాష్, అంగుళంలో వెయ్యో వంతుల్లో చూడాలి. మీ 9 అంగుళాల దానికి సాధారణంగా అంగుళంలో 8 నుంచి 12 వెయ్యో వంతులు ఉంచుతారు. గేర్ సెట్‌తో వచ్చే కాగితం మీద వేరే అంకె ఉంటే అదే పాటించాలి. పినియన్ బేరింగుల బిగువును ఇంచ్-పౌండ్లలో కొలుస్తారు, చక్రాల నట్లు బిగించే రెంచ్‌కి అది అందదు. చివర్లో పళ్లకు పసుపు పేస్ట్ రాసి తిప్పి, పన్నుకు పన్ను ఎక్కడ ఆనుతోందో అచ్చు చూడాలి. అచ్చు పంటి అడుగుకు దిగిందంటే పినియన్ మరీ దగ్గరగా ఉన్నట్టు, పంటి కొసకు ఎక్కిందంటే దూరంగా ఉన్నట్టు. 9 అంగుళాల దాంట్లో షిమ్ మందం పెంచితే పినియన్ దూరం జరుగుతుంది. చాలా డిఫరెన్షియళ్లలో దీనికి తలకిందులు. వేరే బండి వీడియో చూసి నేర్చుకున్నవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. 3,600లో పెద్ద వాటా ఈ చేతిపనికీ, బండిని షాపులో ఉంచుకున్న రోజులకూ వెళ్తుంది.

మీకు కలిసొచ్చే సంగతి ఒకటి ఉంది. ఫోర్డ్ ఈ డిఫరెన్షియల్‌ని 1957 నుంచి 1986 దాకా తయారుచేసింది. హాట్ రాడ్ వాళ్లు ఇప్పటికీ దీన్ని వదలకపోవడానికి ఒక కారణం, గేర్లన్నీ ఉన్న ముద్ద, అదే థర్డ్ మెంబర్, ముందువైపు నుంచి మొత్తంగా ఊడి వస్తుంది. డ్రమ్ములు తీసి, రెండు చివర్లా ఉన్న నాలుగేసి నట్లు విప్పి యాక్సిళ్లు బయటికి లాగండి. గేర్‌బాక్స్ నుంచి వచ్చే డ్రైవ్ షాఫ్ట్ విప్పండి. చుట్టూ ఉన్న పది నట్లు తీస్తే పని అయిపోయింది. బండి మీ గరాజ్‌లోనే ఉంటుంది, గేర్ షాపుకి వెళ్లేది ఆ ముద్ద ఒక్కటే. కుదర్చడానికి తప్ప విప్పడానికి, బిగించడానికి మీరు ఎవరికీ కూలీ ఇవ్వనక్కర్లేదు. ఈ నాలుగో దారి మీ ఉత్తరంలో లేదు, అందుకే ఇంత రాశాను. ఆ ముద్ద బాగా బరువు ఉంటుంది. బండి కింద పడుకుని ఒక్కరే దింపకండి, జాక్ పెట్టండి, పక్కన ఒకరిని ఉంచుకోండి.

ఈ డిఫరెన్షియల్‌కి వెనక మూత ఉండదు కాబట్టి, లోపల ఏముందో చూడాలన్నా ఇదే పని చేయాలి. ఎలాగూ చలికాలం, రోడ్ల మీద ఉప్పు, బండి గరాజ్‌లోనే ఉంది. ఈ నెలలోనే దింపి చూడండి. గాస్కెట్, ఆయిల్ తప్ప పెద్ద ఖర్చు లేదు. యాక్సిలరేటర్‌ని బట్టి మోత మారుతోంది అంటున్నారు కాబట్టి టైర్ల మీద నా అనుమానం తక్కువ, పినియన్ బేరింగులు, గేర్ల మీద ఎక్కువ. అయినా డ్రైవ్ షాఫ్ట్ విప్పినప్పుడు దాని చివర కీళ్లు, అంటే యూ-జాయింట్లు, చేత్తో ఆడించి చూడండి, యాక్సిల్ బేరింగులు తిప్పి చూడండి. 3,600 కోట్ ఇచ్చిన షాపు ఇవేవీ విప్పి చూడలేదని మీ ఉత్తరాన్ని బట్టి నాకు అర్థమైంది. చూడకుండా చెప్పిన అంకెకు నేను విలువ ఇవ్వను.

గేర్ షాపుకి ఇచ్చేటప్పుడు, గేర్లు విప్పకముందే పాత బ్యాక్‌లాష్ కొలిచి రాసుకోమనండి. పాత గేర్లు బాగుండి బేరింగులు మాత్రమే మారిస్తే, ఆ గేర్లు ఇన్నేళ్లూ అరిగి కుదిరిన చోటే మళ్లీ నిలబడాలి. చోటు మారితే పళ్లు బాగున్నా మోత వస్తుంది. ఈ దెబ్బ నాకు స్వయంగా తగిలింది. నా పాత పికప్‌ని తక్కువకు చేస్తానన్న ఒకరికి ఇచ్చాను, ఏం కొలిచారో అడగలేదు. ఒక వేసవి తిరగకముందే మళ్లీ మోత మొదలైంది. రెండోసారి వేరేచోట మొదటిదానికంటే ఎక్కువ కట్టాను. అప్పటి నుంచి ఎవరడిగినా ఇదే చెబుతున్నాను: బిల్లు మీద బ్యాక్‌లాష్ అంకె, పినియన్ బిగువు అంకె రాయించుకోండి, పంటి అచ్చు ఫోటో తీసుకోండి. రాసివ్వడానికి ఇబ్బంది పడే షాపుకి మీ డబ్బు ఇవ్వకండి.

లోపల చూశాక రెండు రకాలుగా ఉండొచ్చు. గేర్లు బాగుండి బేరింగులే పోతే, బేరింగులు, సీలు, కుదర్చే కూలీ కలిపి కోట్ తీసుకోండి, తక్కువలో బయటపడతారు. గేర్లు కూడా పోతే కొత్త గేర్లు, బేరింగులు, కూలీ అన్నీ కలిపి చూడండి. అది 1,500 దాటితే 1,900 పెట్టి రెడీ థర్డ్ మెంబర్ తెచ్చుకోవడమే మేలు. కుదర్చే బాధ్యత, వారంటీ అమ్మినవాళ్ల మీద ఉంటాయి.

లిమిటెడ్ స్లిప్ విషయంలో మాత్రం నేను పొదుపు మాట చెప్పను. అది ఇప్పుడు వద్దనుకుని రెండేళ్లకు పెట్టించుకుంటే, గేర్లు మళ్లీ విప్పి మళ్లీ కుదర్చాలి, అంటే అదే కూలీ రెండోసారి. నిజంగా కావాలనుకుంటే ఇప్పుడే పెట్టించండి, లేదా ఈ బండికి ఎప్పటికీ వద్దని తేల్చుకోండి. కొనేముందు మీ యాక్సిళ్ల చివర పళ్లు లెక్కపెట్టండి. 28 ఉంటాయి, లేదా 31. లిమిటెడ్ స్లిప్ అయినా, రెడీ థర్డ్ మెంబర్ అయినా దానికి సరిపోయేదే తీసుకోవాలి. లేకపోతే యాక్సిళ్లు కూడా కొనాల్సి వస్తుంది, మీ 1,900 ఎక్కడికో వెళ్లిపోతుంది.

రేషియో లెక్క చిన్నదే. మైళ్ల వేగాన్ని రేషియోతో, 336తో హెచ్చవేసి టైరు ఎత్తుతో భాగించండి. 65 మైళ్ల దగ్గర 3.25తో మీ ఇంజిన్ నిమిషానికి సుమారు 2,535 సార్లు తిరుగుతుంది, 4.11తో 3,206. మీ గేర్‌బాక్స్‌లో హైవే మీద ఇంజిన్ తిరుగుడు తగ్గించే ఓవర్‌డ్రైవ్ గేర్ లేదు కాబట్టి ఐ-96 మీద ఆ గోల, ఆ పెట్రోలు ఖర్చు ప్రయాణమంతా భరించాలి. వుడ్‌వర్డ్ మీద ఆ రోజు బండ్లు నత్తనడక నడుస్తాయి, అక్కడ 4.11 చేసేదేం లేదు. ఎప్పుడైనా ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ వేస్తే అప్పుడు ఆలోచిద్దాం. రెడీ థర్డ్ మెంబర్ కొనాల్సి వస్తే మాత్రం 3.50 తీసుకోవచ్చు, 2,730 దగ్గర ఉంటుంది, భరించగలరు.

ఇప్పుడు లోన్. 401కె లోన్‌కి కట్టే వడ్డీ మన ఖాతాకే వస్తుందని చాలామంది ధైర్యంగా తీసుకుంటారు. ఉద్యోగం ఉన్నంతకాలం ఆ మాట నిజమే, అప్పుడు కూడా ఆ 5,000 మార్కెట్‌లో పెరిగే అవకాశం పోతుంది. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో మిగిలిన బాకీ మొత్తం తీర్చాలి. ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా ఆ మొత్తాన్ని వేరే రిటైర్మెంట్ ఖాతాలో వేయలేకపోతే, దాన్ని మీరు డబ్బు తీసేసుకున్నట్టే లెక్కేస్తారు. 59½ నిండలేదు కాబట్టి 10 శాతం పెనాల్టీ, పైన ఆదాయపు పన్ను. మీరు 22 శాతం శ్లాబులో ఉన్నారనుకుంటే, 5,000 మీద 1,600 డాలర్లు పోతాయి, మిషిగన్ పన్ను అదనం. పైగా మీకు ఉద్యోగం పోతే మరో కంపెనీ చూసుకోవడానికో, స్టేటస్ మార్చుకోవడానికో, సర్దుకుని వెళ్లడానికో దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో మీకు టెన్షన్ ఇంటి అద్దె గురించి, పాప స్కూలు గురించి ఉండాలి, డిఫరెన్షియల్ బాకీ గురించి ఉండకూడదు.

9,000 అంటే మీ ఇంటికి రెండు నెలల ఖర్చు కూడా నిండదు. వీసా మీద ఉన్న కుటుంబానికి ఆరు నెలలు ఉండాలంటాను, కనీసం మూడు నెలలు, అంటే 15,600, ఈ ఏడాదే పూర్తిచేయాలి. నెలకు మిగిలే 1,500లో 1,100 అత్యవసర నిధికి, 400 వేరే ఖాతాలో బండికి వేయండి. జనవరి నుంచి జూన్ దాకా ఆరు నెలల్లో 6,600 చేరి నిధి సరిగ్గా 15,600 అవుతుంది. బండి ఖాతాలో మే చివరికి 2,000, జూన్ చివరికి 2,400 ఉంటాయి. రెడీ థర్డ్ మెంబర్ కొనాల్సి వచ్చినా జూన్ మొదట్లో ఆర్డర్ పెట్టొచ్చు. బేరింగులతో సరిపోతే ఏప్రిల్‌లోనే అయిపోవచ్చు.

జూన్‌లోనే బిగించమనడానికి కారణం ఉంది. కొత్త గేర్లకు ఒరిపిడి కాలం కావాలి. మొదట 15, 20 నిమిషాలు నెమ్మదిగా నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి, అలా కొన్నిసార్లు చేయాలి. 500 మైళ్ల దాకా గట్టిగా తొక్కకూడదు, ఆ తర్వాత గేర్ ఆయిల్ మార్చాలి. క్లచ్ ప్లేట్లు ఉండే లిమిటెడ్ స్లిప్ అయితే గేర్ ఆయిల్‌లో కలిపే ఫ్రిక్షన్ మోడిఫయర్ మర్చిపోవద్దు. ఈ మైళ్లన్నీ జూలైలో తిరిగేస్తే ఆగస్టుకి బండి సిద్ధం.

మీ ఆవిడ మాట. ఇలాంటి బండి మీద పెట్టిన రిపేరు ఖర్చు అమ్మేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు, సొంత వాడకపు బండి అమ్మితే వచ్చే నష్టాన్ని పన్నులో చూపించుకోవడానికీ వీల్లేదు. ఆవిడ భయానికి కారణం ఉంది. మోత వస్తున్న బండిని ఇప్పుడు అమ్మితే కొనేవాళ్లు రిపేరు ఖర్చు కంటే ఎక్కువే తగ్గించి అడుగుతారు, అందుకే ఇప్పుడు అమ్మవద్దంటున్నాను. ఆవిడకు రెండు ఖాతాలూ చూపించండి. బండి ఖాతాలో ఉన్నదానికి మించి ఒక్క డాలరు కూడా బండికి వెళ్లదని ముందే మాటివ్వండి. థర్డ్ మెంబర్ దింపాక దాన్ని పట్టి ఉంచే హౌసింగ్ వంగిందనో, యాక్సిళ్లు కూడా పోయాయనో తేలి లెక్క 2,400 దాటితే, ఈ ఆగస్టు వదిలేయండి. అప్పుడు ఇద్దరూ కూర్చుని, అమ్మడమా ఇంకో ఏడాది దాచడమా మాట్లాడుకోండి. దింపాక పంటి ఫోటోలు, యాక్సిల్ పళ్ల లెక్క, గేర్ షాపు కోట్ నాకు పంపించండి. ఏ దారి పట్టాలో ఆ అంకెలు చూసి చెబుతాను.