ఒకే కుక్కర్, రెండు రేట్లు: షాపువాడి మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: ఒక షాపులో ప్రెషర్ కుక్కర్ ఎంఆర్‌పీకే కొన్నాను. రెండు రోజుల తర్వాత మా పక్కింటివాళ్లు అదే షాపులో, అదే కంపెనీ, అదే మోడల్ నాకంటే 400 రూపాయలు తక్కువకు తెచ్చుకున్నారు. వెళ్లి అడిగితే "వాళ్లు బేరమాడారు, మీరు ఆడలేదు" అన్నాడు. ఇదొకటైతే, ఓ షాపింగ్ యాప్‌లో ఒకే వస్తువుకు నా ఫోన్‌లో ఒక రేటు, మా ఆవిడ ఫోన్‌లో ఇంకో రేటు చూపిస్తోంది. మనిషికో రేటుకు అమ్మడం నేరం కాదా? కన్స్యూమర్ కేసు వేయొచ్చా?

జవాబు: కుక్కర్ విషయంలో కేసు లేదండి. మీకు కోపం రావడం సహజమే, కానీ ఆ షాపువాడు చట్టాన్ని దాటలేదు. మన చట్టం ఇంతకు మించి అమ్మకూడదని చెబుతుందే తప్ప, అందరికీ ఒకే రేటుకు అమ్మాలని చెప్పదు. ఎంఆర్‌పీ అంటే గరిష్ఠ చిల్లర ధర, దాంట్లో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అంతకంటే తక్కువకు ఎవరికి, ఎంత తగ్గించి ఇవ్వాలన్నది అమ్మేవాడి ఇష్టం. అడగందే అమ్మయినా పెట్టదు అంటారే, అదే ఇక్కడ జరిగింది. నాకూ బేరమాడటం రాదు, ఇలా ఎన్నిసార్లు పోగొట్టుకున్నానో లెక్కలేదు, లాయర్ని కదా అని ఎవరూ తగ్గించలేదు.

"అందరూ సమానమే కదా, రాజ్యాంగంలో ఆర్టికల్ 14 ఉంది కదా" అని కొందరు వాదిస్తారు. ఆ ఆర్టికల్ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, కొట్టు యజమానిని కాదు. కులం, మతం, పుట్టిన చోటు చూసి షాపులోకే రానివ్వకపోతే అది వేరే సంగతి, దానికి ఆర్టికల్ 15(2) ఉంది. బేరంలో వచ్చిన తేడా దాని కిందికి రాదు.

అయితే కేసు పూర్తిగా వదిలేసే ముందు ఒక్క విషయం గుర్తుచేసుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 2(6) ప్రకారం నాలుగు ధరల్లో దేన్ని దాటి వసూలు చేసినా ఫిర్యాదు చేయొచ్చు: చట్టం ఖరారు చేసిన ధర, వస్తువు మీద గానీ ప్యాకెట్ మీద గానీ వేసిన ధర, షాపువాడు పెట్టిన ధరల పట్టికలోని ధర, మీరూ అతనూ ఒప్పుకున్న ధర. మీరు డబ్బా మీది ధరే ఇచ్చారు, ఒప్పుకునే ఇచ్చారు. మరి మీరు కొన్న రోజు షాపులో "ఈ మోడల్ ఇంత" అని తక్కువ రేటుతో బోర్డేమైనా పెట్టి ఉందా? ఉండి, మీ దగ్గర మాత్రం డబ్బా మీది ధర తీసుకుని ఉంటే, నేను పైన చెప్పింది వెనక్కి తీసుకుంటాను, అప్పుడు మీకు ఫిర్యాదు ఉంది.

నిజానికి జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. సూపర్‌మార్కెట్‌లో ర్యాక్ అంచుకు అతికించిన చీటీ మీద ఆఫర్ ధర ఉంటుంది, బిల్లు కొట్టేటప్పుడు సిస్టమ్‌లో పాత ధర పడుతుంది, ఇరవై వస్తువుల బిల్లులో ఎవరూ చూసుకోరు, చూసి అడిగితే "ఆఫర్ నిన్నటితో అయిపోయింది, చీటీ తీయడం మర్చిపోయాం" అంటారు. చీటీ తీయకపోవడం వాళ్ల తప్పు, దానికి మీరు డబ్బు కట్టక్కర్లేదు. ధర విషయంలో జనాన్ని తప్పుదోవ పట్టించడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. డిస్కౌంట్ ఇచ్చామని చెప్పి, తగ్గించిన ధర మీద మళ్లీ పన్ను వేయడమూ చెల్లదు, జీఎస్టీకి ముందు వ్యాట్ పన్ను ఉన్న రోజుల్లోనే, 2017లో, జాతీయ వినియోగదారుల కమిషన్ ఈ మాట తేల్చి చెప్పింది.

ఇక ఒకే వస్తువు మీద రెండు ఎంఆర్‌పీలు ముద్రించడం సంగతి. బయట షాపులో ఒక ఎంఆర్‌పీ, మాల్‌లోనో ఎయిర్‌పోర్టులోనో అదే సీసా మీద ఇంకో ఎంఆర్‌పీ, ఇలా నడిచింది చాలాకాలం. ప్యాకెట్లలో అమ్మే వస్తువులకు సంబంధించిన ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ 2011లో 18(2ఎ) అని కొత్తగా చేర్చి, 2018 జనవరి 1 నుంచి దీన్ని ఆపారు: అచ్చంగా ఒకేలా ఉన్న ప్యాకెట్ మీద అనుచిత పద్ధతిలో వేర్వేరు ఎంఆర్‌పీలు వేయకూడదు. పాత స్టాక్, కొత్త స్టాక్ తేడా అయితే ఇది వర్తించదు, అందుకే ముందు తయారీ నెల చూడండి. ఎంఆర్‌పీ మీద స్టిక్కర్ కనిపిస్తే మాత్రం గోటితో కాస్త లేపి చూడండి. ధర తగ్గించడానికి స్టిక్కర్ వేయొచ్చు, అదీ పాత ధర కనబడేలా వేయాలి. కింద తక్కువ ధర, పైన ఎక్కువ ధర ఉంటే ఫొటో తీసి తూనికలు, కొలతల శాఖకు పంపడమే.

హోటల్లో నీళ్ల సీసాకు ఎంఆర్‌పీ కంటే ఎక్కువ వేశారని చాలామంది వస్తారు నా దగ్గరికి. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు హోటళ్ల పక్షానే చెప్పింది, అక్కడ మీరు కొనేది సీసా ఒక్కటే కాదు, కూర్చోబెట్టి వడ్డించే సేవ కూడా అని. నాకు ఈ తీర్పు అంతగా నచ్చదు, కానీ చట్టం అదే.

మీ రెండో ప్రశ్నలో, అదే యాప్ రేట్ల సంగతిలో, పస ఉంది. ఈ-కామర్స్ రూల్స్ 2020లో రూల్ 4(11) ప్రకారం, ఆన్‌లైన్ సంస్థలు ఒకే తరగతి వినియోగదారుల మధ్య వివక్ష చూపకూడదు, తోచినట్టు జనాన్ని వర్గాలుగా విడదీయకూడదు. వీధి చివరి షాపువాడికి లేని ఈ కట్టుబాటు యాప్‌కు ఉంది. ఫోన్ రకాన్ని బట్టి చార్జీ మారుతోందన్న ఆరోపణ మీద 2025 జనవరిలో రెండు క్యాబ్ కంపెనీలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులు కూడా ఇచ్చింది, కంపెనీలు మాత్రం అదేం లేదన్నాయి. కానీ రేటు తేడా కనిపించగానే వివక్ష అనుకోకండి. మీ ఆవిడ ఫోన్‌లో మొదటి ఆర్డర్ కూపన్ ఉందేమో, కార్డు ఆఫర్ కలిసిందేమో, డెలివరీ అడ్రస్ వేరేమో, అసలు అమ్మే సెల్లరే వేరేమో. కొత్త కస్టమర్లకు కూపన్ ఇవ్వడం నా ఉద్దేశంలో వివక్ష కాదు. ఇవేవీ లేకుండా, పాత కస్టమర్ ఎలాగూ కొంటాడని అతనికే రేటు పెంచితే అది ఈ రూల్ కింద గట్టిగా వాదించదగ్గ కేసు.

అందుకని ఇలా చేయండి. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, ఒకే అడ్రస్, ఒకే సెల్లర్, కూపన్లన్నీ తీసేసి, చివరి చెల్లింపు పేజీ దాకా వెళ్లి, టైమ్ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. మర్నాడు మళ్లీ ఇంకోసారి తీయండి. తేడా అలాగే ఉంటే ముందు ఫిర్యాదులు చూసే యాప్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి. చాలా గొడవలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే మీరు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, కొన్నదానికి మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు, గొడవకు కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లు గడువు. బిల్లు మాత్రం పారేయకండి. అన్నట్టు, కుక్కర్‌కు షాపువాడు బిల్లు ఇచ్చాడా? ఇవ్వనంటే మాత్రం అది కూడా ఈ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతే, ఆ సంగతి విడిగా రాయండి.